సులోచన తోడు

తుమ్మలచెల్కలో తోడు పెరుగు లేదని ఎవరూ ఎవరినీ గుమ్మంలోంచి తిప్పి పంపరు. గట్టు తగాదాలో కొడవళ్లు ఎత్తుకున్న వాళ్లయినా, పంచాయతీ ఎన్నికల్లో ముఖాలు మాడ్చుకున్న వాళ్లయినా, గిన్నె పట్టుకొని వస్తే చెంచాడు పెరుగు వెయ్యాల్సిందే. దీపం పెట్టాక మాత్రం అడగకూడదు, ఇవ్వకూడదు. ఈ సంగతి సులోచనకు తెలియనిది కాదు; ఆ ఊళ్లో పుట్టి, ఆ గిన్నెలు మోసిన పిల్లే. అయినా ప్రయోగానికి పథకం వేసిన రోజుల్లో ఆమెకది తట్టలేదు. చదువు బాగా ముదిరితే అంతే. కళ్లజోడు నెత్తిన పెట్టుకొని ఇల్లంతా వెతుక్కుంటాం.

ఆమెది నేతపనివాళ్ల ఇల్లు. చిన్నప్పుడే హాస్టల్లో సీటు దొరికి పట్నం వెళ్లింది, పట్నం నీళ్లు తాగి పెరిగింది. అన్న బిక్షపతి ఊళ్లోనే ఉండి బోరు నీళ్లు తాగాడు. తేడా అంతే. చెల్లెలు నిటారుగా నడుస్తుంది. అన్నకు నలభై దాటేసరికే నడుము వంగిపోయి, మోకాళ్లు చాచలేక మగ్గం గుంటలోకి దిగడం మానేశాడు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తాగే నీళ్లలోనే ఉంటుందా అంటే, వండిన అన్నంలోకి వస్తుంది, కాచిన చాయలోకి వస్తుంది, ఆ నీళ్లు పారిన మడిలోని తోటకూరలోకీ వస్తుంది. వచ్చి ఎముకలో కూర్చుంటుంది. ఒకసారి కూర్చున్నాక అది లేవడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

దాన్ని లేపాలనేది సులోచన పట్టుదల. సభల్లో మాట్లాడినా, పత్రికలకు వ్యాసాలు రాసినా, లోపల ఒక్కటే ఉండేది. అన్న మళ్లీ మగ్గం మీద కూర్చోవాలి. మిగతా ప్రపంచం బాగుపడితే సంతోషమే గానీ, ముందు అన్న.

నగరం శివార్లలో ఆమె పనిచేసే ప్రయోగశాలలో ఏళ్ల తరబడి ఒక పెరుగు సూక్ష్మజీవి స్వభావాన్ని మారుస్తూ వచ్చారు. ముప్పై సార్లు మార్చినా లాభం లేకపోయింది. ముప్పై ఒకటోసారి ఆమె ఊరి నుంచి తెచ్చిన బోరు నీళ్లలో పాలు కలిపి, కొత్త రకాన్ని ఒక్క చుక్క వేసి, మర్నాడు గ్లాసు ఎత్తి వెలుతురులో చూసింది. అడుగున తెల్లటి పొడి పేరుకొని ఉంది. ఆ జీవి పాలలోని కాల్షియాన్ని కొంచెం కొంచెంగా పోగుచేసి, దానితో ఫ్లోరైడ్‌ను కట్టిపడేసి, ఇసుక రేణువులాగా కింద పారేసింది. పైనున్న నీళ్లలో ఫ్లోరైడ్ జాడ లేదు. కడుపులోనూ ఇదే పని చేస్తే రేణువు మలంతో పోతుంది. నెత్తురు శుభ్రపడేకొద్దీ ఎముక తాను దాచుకున్నది వదులుకుంటుంది.

ప్రయోగశాల పెద్ద ఆచారి గారు ఆ గ్లాసును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత చదువూ చదివి చివరికి పాలు తోడేశావు కదమ్మా!" అన్నారు. అన్నారే గానీ ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

అన్ని అనుమతులూ వచ్చాక తుమ్మలచెల్కలో సగం ఇళ్లకు ఆ పెరుగు పొడి పొట్లాలు పంచారు. రోజుకొక పొట్లం చింపి గోరువెచ్చని పాలలో కలపాలి. మిగతా సగం ఇళ్లవాళ్లు మామూలు పెరుగే తినాలి. రెండు వైపులా జనాన్ని పోల్చి చూడాలి. కాగితం మీద ముచ్చటగా ఉంది.

సులోచన వదిన అండాలు మొదటి పొట్లం ఒక్కటే చింపింది. మర్నాటి నుంచి నిన్నటి పెరుగే తోడు. పొట్లాలన్నీ డబ్బాలో భద్రంగా దాచింది.

"గిన్నెల తోడు ఉండంగ రోజుకో పొట్లం ఎవలన్న చింపుతరా వదినె? నవ్వుతరు," అంది తర్వాత ఆడబిడ్డతో.

నవ్వడం కాదు, పక్కింటివాళ్లు గిన్నె పట్టుకొని వచ్చారు. వాళ్ల ఇంటికి ఇంకో పక్కవాళ్లు వచ్చారు. ఆచారి గారు పోల్చి చూద్దామని వచ్చేసరికి ఊళ్లో పోల్చడానికి రెండో వైపే లేదు. ఆయన తల పట్టుకున్నారు. తరవాత అందరి మూత్రం, నెత్తురు పరీక్షలు చూసి తల వదిలేశారు. ఊరు మొత్తం బాగుపడుతుంటే ఎవరితో తగాదా పెట్టుకుంటారు?

ఏడాది తిరిగేలోపు బిక్షపతి మగ్గం గుంటలోకి దిగాడు. సులోచన పక్కనే ఉంది. చెయ్యి అందించబోతే వద్దన్నాడు. మెల్లగా కూర్చొని, కాళ్లు చాచి, కింది చెక్కలు ఒకటొకటిగా తొక్కి చూశాడు. దారం మోసే నాడె విసిరాడు. అది అవతలికి పోయి తగిలిన చప్పుడుకు అండాలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

"ఏడుస్తవేందే? చీర నేసిస్త, కట్టుకుందువు గని," అన్నాడు బిక్షపతి. అని నాడె మళ్లీ అందుకున్నాడు.

అప్పటి నుంచి ఆ పెరుగు పేరు సులోచన తోడు అయింది. ఆమెకు సిగ్గేసింది గానీ లోపల ఎక్కడో బాగానే ఉంది. ఎవరికి మాత్రం బాగుండదు?

ఆ మరుసటేడు ఊళ్లోకి నది నీళ్లు కూడా వచ్చాయి. ఇంటింటికీ నల్లా పెట్టారు, బోర్లకు తాళాలు వేశారు. బిక్షపతి కూతురు లావణ్య ఆ నెలలోనే ప్రసవించింది. అల్లుడు ఇల్లరికం వచ్చినవాడు కాబట్టి మనవరాలు తాత చేతుల్లోనే పెరగాలి. కృష్ణా నీళ్లు వచ్చిన ఏడాది పుట్టిందని కృష్ణవేణి అని పేరు పెట్టారు, వేణి అని పిలుచుకున్నారు. ఆ ఇంట్లో బోరు నీళ్లు ఒక్క చుక్క కూడా ఒంట్లోకి పోని మొదటి పిల్ల ఆమే.

వేణికి మూడో ఏడు నడుస్తుండగా లావణ్య ఫోన్ చేసింది.

"అత్తా, ఫ్లోరిన్ మల్ల వచ్చినట్టుంది. పోరి కాళ్లు వంకర పోతున్నయ్. మనింట్లనే కాదు, ఎనుక వాడలో కూడ ఇద్దరు పిల్లలకు గట్లనే ఉన్నది."

సులోచన చేతిలో పని చేతిలోనే వదిలేసి వెళ్లింది. వేణి గడప దాటి ఎదురొచ్చింది. రెండు మోకాళ్లూ చెరో పక్కకు విల్లులా వంగి ఉన్నాయి. అడుగు తీసి అడుగు వేస్తుంటే బాతులా ఊగుతోంది. చిన్నప్పుడు ఊరి బడిలో సులోచన పక్కన కూర్చున్న పిల్లలు సగం మంది అలాగే నడిచేవాళ్లు.

ఆ పూట ఆమె వంటింటిని జల్లెడ పట్టింది. నల్లా నీళ్లు పరీక్షించింది, శుభ్రంగా ఉన్నాయి. బియ్యం, కందిపప్పు, పెరట్లో తోటకూర ఒక్కొక్కటే చూసింది. చాయపొడిలో కొంత కనబడింది. అంగట్లో కొన్న నల్లుప్పులో, అండాలు నమిలే వక్కపొడిలో ఇంకాస్త కనబడింది.

"చాయ తగ్గియ్యండి. ఆ ఉప్పు పారేయండి. వదినె, వక్కపొడి మానెయ్," అని చెప్పింది.

"వక్కపొడి నేను నములుతే పోరి కాళ్లెందుకు వంగుతయి?" అంది అండాలు. నిజమే. వేణి చాయ తాగదు, వక్క నమలదు.

"మేం మాత్రం ఊకె ఉన్నమా అత్తా," అంది లావణ్య. "కాళ్లు వంగినయని చూసిన కాన్నుంచి పొద్దున గంటెడు, పగటీలి గంటెడు, రాత్రి గంటెడు పెరుగు ఎక్కువ పెడుతున్నం."

"మంచి పని చేసిన్రు," అంది సులోచన.

ఆ వంటింట్లో ఆమె పరీక్షించనిది ఒక్కటే మిగిలింది. పెరుగు మీద ఎవరికి అనుమానం వస్తుంది? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఊరికే అనలేదు.

పట్నం తీసుకెళ్లి వేణి కాళ్లకు ఎక్స్‌రే తీయించింది. ఆ ఫిల్మును, అన్న పాత ఫిల్మును పక్కపక్కన పెట్టి కిటికీకి ఎత్తి పట్టుకుంది. ఫ్లోరైడ్ చేరిన ఎముక సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా ఉంటుంది. అన్నది అలాగే ఉంది. వేణిది మసకగా ఉంది. ఎముక ఎక్కడ మొదలైందో, కండ ఎక్కడ ఆగిందో చూపు ఆనించి వెతకాల్సి వచ్చింది. ఆ పిల్ల ఎముకల్లో ఉండకూడనిది చేరలేదు. ఉండాల్సిందే లేదు.

సులోచన అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది. ముప్పై ఒకటో రకం ఏం చేస్తుందో ప్రపంచంలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. కాల్షియాన్ని పోగుచేస్తుంది. ఫ్లోరైడ్ దొరికితే కట్టి పారేస్తుంది. దొరక్కపోతే? ఆ ప్రశ్న వాళ్లెవరూ వేసుకోలేదు. వాళ్ల దగ్గరికొచ్చిన ప్రతి ఒంట్లోనూ ఫ్లోరైడ్ నిండా ఉండేది మరి.

ప్రయోగశాలలో ఆ రుజువుకు ఎంతోసేపు పట్టలేదు. నల్లా నీళ్లు కలిపిన పాలలో చుక్క వేస్తే మర్నాడు గ్లాసు అడుగున అదే తెల్లటి పొడి ఉంది. అందులో ఫ్లోరైడ్ లేదు. పాలలోని కాల్షియం మొత్తం కిందికి చేరింది. ఆ జీవికి పోగుచెయ్యడం నేర్పారు గానీ ఆగడం నేర్పలేదు. బోరు నీళ్లు తాగిన ఒంట్లో అది వైద్యం చేసింది, నది నీళ్లు తాగిన ఒంట్లో దొంగతనం చేస్తోంది. కాళ్లు వంగాయని పాపం ఆ తల్లి దొంగకు ఇంకో మూడు గంటెలు ఎక్కువ పెట్టింది.

ఆచారి గారు గ్లాసు వైపు చూడకుండా కిటికీ వైపు చూశారు. ఇంకో మూడు జిల్లాలకు ఆ పెరుగు పంపడానికి అప్పటికే ఏర్పాట్లు జరిగిపోయాయి.

"పిల్లలకు పెట్టవద్దని అట్ట మీద పెద్దక్షరాలతో వేద్దాం సులోచనా. మందులన్నిటికీ వేస్తాం కదా."

"చెంచాడు తోడుతో పాటు అట్ట పోదండీ," అంది ఆమె.

ఆయన గ్లాసు చేతిలోకి తీసుకొని అడుగున పొడిని చూశారు. చివరికి ఆ మూడు జిల్లాల ఏర్పాట్లు ఆపమని ఫోన్ చేశారు. ఆయన మంచివాడే, కాస్త ఆలస్యంగా మంచివాడు, అంతే.

అన్న ఇంటికెళ్లి ఎలా చెప్పాలో సులోచనకు తెలియలేదు. అందుకే ఉన్నదున్నట్టు చెప్పేసింది. లావణ్య తన చేతిలోని గంటె వైపు చూసుకుంది.

"అంటే నేనే పెట్టిన్నా అత్తా? నా చేతుల్తోని?"

"నువ్వు కాదు బిడ్డా, నేను," అంది సులోచన. అంది గానీ దాని వల్ల లావణ్య ఏడుపు ఆగలేదు, ఆమె మనసూ తేలికపడలేదు.

మొదట తేలిక దారి పట్టారు. వేణికి కాల్షియం మందు పోశారు. కడుపులో కాపురం పెట్టిన జీవి అదీ పోగుచేసి పారేసింది. వేణికి వేరే గిన్నెలో, సులోచన నగరం నుంచి తెచ్చిన మామూలు తోడుతో పాలు పేరబెట్టారు. అండాలు గిన్నె వేరు చేసింది, గంటె వేరు చేసింది, మూతా వేరు చేసింది. కొన్ని వారాల తర్వాత చూస్తే రెండు గిన్నెల్లోనూ ఉన్నది ముప్పై ఒకటో రకమే. ఒకే ఇల్లు, ఒకే తుడుపు గుడ్డ, ఒకే చెయ్యి. ఎక్కడని కాపలా కాస్తారు? పైగా వేణికి తాత కంచంలో తాత కలిపిన ముద్దలు నాలుగు తినకపోతే అన్నం తిన్నట్టే కాదు. తాతకూ పెట్టకపోతే పొద్దు గడవదు.

ఇంట్లో ఒక్కరు తింటే అందరూ తిన్నట్టే. పిల్ల కాళ్లు నిలబడాలంటే ఆ పెరుగు ఇంట్లోంచి పోవాలి. అది పోతే పెద్దవాళ్ల ఎముకల్లో ఇంకా మిగిలి ఉన్న ఫ్లోరైడ్ మళ్లీ కీళ్లను పట్టేస్తుంది. ఈ మాట సులోచన అన్న ఎదురుగా కూర్చొని చెప్పింది. ఆయన మగ్గం మీద ఉన్నాడు. నాడె చేతిలో ఆగిపోయింది.

"ఆగడం తెలిసిన కొత్త రకం తయారు చేస్తా అన్నా. కొన్నేళ్లు పడతది."

"కొన్నేండ్లా? అప్పటిదాంక నేను మల్ల ముడుచుకొని మూలకు పండాల్నా?" బిక్షపతి గొంతు లేచింది. "ఇచ్చింది నువ్వే, గుంజుకునేది నువ్వేనా చెల్లె? దొడ్డికి పోవాలంటే ఇద్దరు పట్టుకొని లేపేటోళ్లు నన్ను. నీకేం తెలుసు ఆ సిగ్గు? నువ్వు మంచి నీళ్లు తాగి పెరిగినవ్!"

ఆ చివరి మాట ఆయన అనాలనుకోలేదు. అయినా అనేశాడు. అన్నేళ్లుగా ఇద్దరి మధ్యా ఉన్న మాటే అది. సులోచన తల వంచుకుంది.

కాసేపటికి ఆయనే తగ్గాడు. "పోరికి దూరముంట. ఈడ ఉండ, ఈడ తిన. గానీ ఇది మాత్రం ఇడిచిపెట్ట."

ఊరి చివర చేనేత సొసైటీవాళ్ల పాత మగ్గాల షెడ్డు ఖాళీగా ఉంది. బిక్షపతి గిన్నె, చాప, మగ్గం సామాను తీసుకొని అక్కడికి మారాడు. పిల్లల కాళ్లు వంగిన మిగతా ఇళ్లలోని పెద్దవాళ్లూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేరారు. నిటారుగా నడిచే ముసలివాళ్లంతా ఒకచోట, వాళ్ల మనవలంతా ఇంకోచోట. షెడ్డు ముందుకు పిల్లలను రానిచ్చేవారు కాదు. వచ్చినా ముసలివాళ్లే కర్ర చూపించి వెళ్లగొట్టేవారు. వెళ్లగొట్టి, లోపలికొచ్చి, ఎవరూ ఎవరి ముఖమూ చూసుకునేవారు కాదు.

అండాలు మాత్రం షెడ్డుకు రాలేదు.

"ఆయనతోని నేను గూడ పోతే పోరిని ఎవలు చూడాలె? లావణ్య మగ్గం మీద కూసుంటది గద," అని చెప్పి, ఉన్న పెరుగును తనే మసిలే నీళ్లలో కుమ్మరించింది. ఆమెకూ మోకాళ్లు ఒకప్పుడు బిక్షపతికి పట్టినట్టే పట్టేవి. ఆ సంగతి అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఆమె మగ్గం మీద కూర్చునే మనిషి కాదు కాబట్టి. వంట చెయ్యడానికి, నీళ్లు మొయ్యడానికి మోకాళ్లతో పనేముంది అన్నట్టు! సులోచన కూడా ఇన్నేళ్లలో అన్న నడుము కొలిచింది గానీ వదిన మోకాలు ఒక్కసారీ కొలవలేదు. అది తలచుకున్నప్పుడల్లా ఆమెకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వేణి కాళ్లు మెల్లగా గట్టిపడ్డాయి. కాల్షియం మందు ఒంటికి పట్టింది. అదే మెల్లగా అండాలు వంగింది.

వానలు తగ్గిన రోజుల్లో ఒక పగటిపూట సులోచన వదినతో కలిసి షెడ్డుకు వెళ్లింది. అండాలు రోజూ మొగుడికి అన్నం తెచ్చి గడప బయట పెట్టి వెళుతుంది. లోపలికి పోదు, అక్కడి గిన్నె ముట్టదు. ఆ రోజు అన్నం గిన్నె కింద పెట్టడానికి వంగింది. వంగింది గానీ లేవలేకపోయింది. ఒక చెయ్యి నేల మీద ఆనించి, అలాగే ఆగిపోయింది.

బిక్షపతి చూశాడు. రాత్రి మిగిలిన చద్దన్నం అప్పుడే తిని లేచినట్టున్నాడు, వేళ్లకు పెరుగు మెతుకులు అంటుకొని ఉన్నాయి. ఒక్క అంగలో గడప దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాచాడు.

"ముట్టకు!" అని అరిచింది అండాలు. "నన్ను ముట్టకు. ఇంటికి పోయి నేను పిల్లకు తినిపియ్యాలె."

ఆ చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. మంచి బలమైన చేతులు, రోజంతా నాడె విసిరినా అలసట తెలియని చేతులు. అండాలు ద్వారబంధం పట్టుకొని, పళ్లు బిగించి, పావు వంతు లేచి మళ్లీ కూలబడింది. సులోచన వెళ్లి చంకల కింద పట్టుకొని లేపింది. లేచాక అండాలు చీర దులుపుకొని, మొగుడి వైపు చూసి, "చింతకాయ తొక్కు కొత్తది, తినుర్రి," అంది. ఏమీ జరగనట్టే.

ఇద్దరూ వెళ్లిపోతుంటే వెనక నుంచి మగ్గం చప్పుడు వినబడలేదు.

సాయంత్రం కాకముందే బిక్షపతి ఇంటి వాకిట్లోకి వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా నిలబడి చెల్లెల్ని పిలిచాడు.

"దీన్ని ఎట్ల చంపాలె?"

"మరిగించాలె అన్నా. గిన్నెలు, గంటెలు, తుడిచే బట్టలు, అన్నీ మసిలే నీళ్లల్ల వెయ్యాలె. తినుడు మానితే కడుపుల ఉన్నది గూడ కొన్ని వారాలకు పోతది." ఆమె ఆగింది. "నీకు మల్ల పట్టేస్తది అన్నా."

"తెలుసు. ఏండ్లకేండ్లు అనుభవించినోన్ని, నాకు చెప్తవా?" అన్నాడు. కోపంగా అనలేదు. "ఆమె పడిపోతే లేపనియ్యని చేతులు నాకెందుకు చెప్పు? ఈ నడుము ఎవలకు చూపించుకోవాలె?"

బిక్షపతి మాట రాత్రికి రాత్రే ఇల్లిల్లూ తిరిగింది. మర్నాడు పొద్దున తుమ్మలచెల్కలో ప్రతి ఇంటి ముందూ పొయ్యి రాజింది. కాగుల్లో నీళ్లు మరిగాయి. తాతల నాటి మట్టి కుండలను పగలగొట్టారు, ఇత్తడి గిన్నెలను మసిలే నీళ్లలో ముంచి తీశారు. షెడ్డులోని వాళ్లలో ఒక్కరు తప్ప అందరూ ఇళ్లకు తిరిగొచ్చారు. కొందరు ఏడుస్తూ వచ్చారు, కొందరు సులోచనను తిడుతూ వచ్చారు. వాళ్లు తిట్టిన దాంట్లో తప్పు పట్టవలసింది ఆమెకేమీ దొరకలేదు.

తమ్ముడింట్లోంచి షెడ్డుకొచ్చిన ఎల్లయ్య అనే ముసలాయన మాత్రం రానన్నాడు. "నాకు పెండ్లాం లేదు, పిల్లల్లేరు. నేనెవలి కోసం వంగాలె?" అన్నాడు. న్యాయమే. బిక్షపతి తన చాప కూడా ఆయనకే ఇచ్చి వచ్చాడు. ఊరివాళ్లు పూటకొకరుగా అన్నం పెట్టి వస్తారు గానీ, గిన్నె పట్టుకొని తోడుకు మాత్రం ఆయన గుమ్మానికి ఎవరూ వెళ్లరు.

మరిగించడం బాగానే ఉంది, మరి మళ్లీ పెరుగెలా? ఊళ్లో ఎవరింట్లోనూ తోడు లేదు. పక్క ఊళ్లకు ఏ చుట్టం చేతిలో ఎంత పాకిందో తెలియదు, అక్కడి నుంచి తేవడానికి భయం. సులోచన నగరం నుంచి తెస్తానంటే, ఇక బయటి తోడే వద్దన్నారు. కొన్ని వారాలు ఆగి అండాలు ఎండుమిరపకాయల తొడిమలు గిల్లి గోరువెచ్చని పాలలో వేసి మూత పెట్టింది. మొదటి గిన్నె నీళ్లగా విరిగింది. రెండోది కాస్త ఘాటుగా తోడుకుంది. వేణి నాలుక మీద పెట్టుకొని ముఖం వికారంగా పెట్టి, మళ్లీ చెయ్యి చాచింది. ఆ పూట తాత తన కంచంలో అన్నం కలిపి, ఒక ముద్ద మనవరాలికి పెట్టాడు. ముద్ద పెట్టే ముందు ఒకసారి సులోచన వైపు చూశాడు, పెట్టొచ్చా అన్నట్టు. ఆమె తల ఊపింది.

ఏడాది తర్వాత సులోచన ఊరికి వచ్చేసరికి అన్న మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది. బిక్షపతి వాకిట్లో కుర్చీలో వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. నడుము ముందుకు వాలింది. ఈసారి మెడ కూడా పట్టేసింది. ఎటు చూడాలన్నా కుర్చీతో సహా మనిషంతా తిరగాలి. అండాలు పక్కనే గోడకు ఆనుకొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

సులోచన అన్న కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చుంది. కొత్త రకం ఇంకా తేలలేదనీ, ఎలుకల్లో ఆగుతోంది గానీ ఒక్కోసారి ఆగడం మరిచిపోతోందనీ చెప్పింది.

"తొందరేం లేదు," అన్నాడు బిక్షపతి. "ఈసారి మాత్రం మమ్మల్ని అడిగి చెయ్. పెద్దోళ్లను అడుగు, పిల్లలున్న తల్లుల్ని అడుగు. మా ఇండ్లల్ల ఏది ఎటు పోతదో మేం చెప్తం."

"అడుగుత అన్నా."

అంతలో ఇంటి పక్క సందులోంచి పిల్లల కేకలు వినబడ్డాయి. బడి వదిలినట్టున్నారు. చెప్పులు లేని కాళ్లు నేల మీద పటపటా కొడుతూ వస్తున్నాయి. బిక్షపతి మెడ తిప్పబోయాడు. నొప్పికి ముఖం ముడుచుకుపోయింది, తిరగలేదు. కుర్చీ చేతుల మీద బలం పెట్టి మనిషే తిరగాలని చూశాడు, అదీ కాలేదు.

"వేణేనా?" అన్నాడు.

"వేణే," అంది సులోచన. సందు మొత్తం ఆమెకు కనబడుతోంది.

"ఉరుకుతున్నదా?"

ఆమె జన్మంతా చూసింది చూసినట్టు రాసిన మనిషి. ఇప్పుడు మాత్రం మెట్టు మీంచి లేచి ఊరికే చూస్తోంది.

"చెప్పు చెల్లె, నాకు కనపడదు. ఎట్ల ఉరుకుతున్నది?"

"అందరికంటే ముందున్నది అన్నా," అంది సులోచన, కళ్లు తుడుచుకోకుండానే. "బడి సంచి నెత్తి మీద పెట్టుకున్నది. కాళ్లు నేల మీద ఆనుతలేవు. ఒక పిలగాడు రెక్క పట్టుకోబోతే ఇడిపించుకున్నది. రాళ్లు దుంకింది. అగో, మోరీ కాల్వ గూడ దుంకింది..."

"పడ్డదా?"

"లేదు అన్నా. నిలబడ్డది."